మావాడికి అన్నీ తెలుసండీ!

నలుగురు ఆడవాళ్ళం ఒకచోట చేరితే ఒకప్పుడు చీరల మాటో, నగల మాటో, అత్తగారి మాటో వచ్చేది. ఇప్పుడు ఆ మూడింటినీ వెనక్కి నెట్టి ఇంకో మాట ముందుకొచ్చింది. "మావాడికి ఫోన్లో అన్నీ తెలుసండీ! నాక్కావలసిందేదైనా వాడే వెతికి పెడతాడు. నాకేం తెలీదు." మొదటి ముక్క గర్వంగా అంటాం, రెండోది ముద్దుగా అంటాం, మూడోది మహా వినయంగా అంటాం. నాకు ఈ మూడు ముక్కల్లో ఒక్కటీ నచ్చదు. మొదటిది నిజం కాదు. రెండోది ప్రమాదం. మూడోదాని సంగతి కాస్త ఆగి చెబుతాను, అప్పటిదాకా కోపం తెచ్చుకోకండి.

పదేళ్ళవాడు ఆ అద్దాన్ని చూపుడువేలితో పైకీ కిందికీ తోసేస్తుంటే మన కళ్ళకి అదేదో గొప్ప విద్యలా కనిపిస్తుంది. వాడికి వచ్చింది నొక్కడం. వెతకడం వేరే పని. బీరువా తలుపు తియ్యడం వచ్చినంత మాత్రాన అందులో ఇంటి దస్తావేజులు ఏ అరలో ఉన్నాయో, వాటిలో అసలేదో నకలేదో తెలిసిపోదు గదా!

మా దర్శి లాంటి ఊళ్ళో దీన్ని ముద్దుమాటగా సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే ఇక్కడి పిల్లవాడు తన కోసం మాత్రమే వెతకడు. ఇంటికంతటికీ వాడే గుమాస్తా. నాన్న చేలోంచి నాలుగు మిరప పూలు కోసుకొచ్చి, "దీనికేం మందు కొట్టాలో చూడరా" అంటాడు. అమ్మ గ్యాసు కంపెనీవాళ్ళ నంబరు చూడమంటుంది. నాయనమ్మ మాత్ర చూపించి, "ఇది పరగడుపునా, తిన్నాకా?" అంటుంది. అక్కకి ఇంటర్ ఫలితాలు చూసిపెట్టాలి. ఎనిమిదో తరగతి కుర్రాడు చేస్తున్న ఉద్యోగమండీ ఇది! జీతం లేదు, నేర్పేవాళ్ళు లేరు, తేడా వస్తే తిట్లు మాత్రం ఉన్నాయి.

ఆ మిరప పూల సంగతే తీసుకోండి. 2021 చివర్లో, 2022 మొదట్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడింది. మన రైతులకి కొత్త పురుగు. పూతలోనే దూరి కూర్చుంటుంది, పూత రాలిపోతుంది, కాయ నిలవదు. ఏ మందు కొట్టినా సరిగ్గా లొంగలేదు. అలాంటి రోజున "మిర్చి పురుగు మందు" అని ఫోన్ని అడిగితే ముందు వరసలో ఎవరు నిలబడతారు? మందు అమ్ముకునేవాడు. లాం ఫారంలో శాస్త్రవేత్తలు చెప్పిన మాట ఎక్కడో అడుగున ఉంటుంది. తేడా తెలియని పిల్లవాడు పైనున్నది చదివి వినిపిస్తాడు. చదువుకున్న కొడుకు చెప్పాడు గదా అని తండ్రి అప్పు తెచ్చి ఆ డబ్బాలు కొంటాడు. వెతకడం రాకపోతే దాని వెల మార్కుల్లో కాదు, ఎకరాల్లో కట్టుకునే ఊళ్ళు మనవి. (రైతులకని కేంద్రం పెట్టిన కిసాన్ కాల్ సెంటర్ ఒకటుంది. 1800 180 1551. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఎంతమంది ఇళ్ళలో గోడ మీద రాసి ఉందో చూడండి!)

గ్యాసు నంబరుదీ అదే కథ. కస్టమర్ కేర్ నంబరని వెతికితే దొంగలు పెట్టిన నంబర్లు కూడా తగులుతాయి. పిల్లవాడు మొదటిది నొక్కుతాడు. అవతలివాడు "నమస్కారమండీ" అని మర్యాదగా మాట్లాడి, ఏదో యాప్ ఎక్కించుకోమని, ఓటీపీ చెప్పమని, బ్యాంకులో ఉన్నది ఊడ్చుకుపోతాడు. తమాషా ఏమిటంటే ఆ నంబరు మన ఇంట్లో గ్యాసు పుస్తకం మీదే అచ్చేసి ఉంటుంది. బ్యాంకు నంబరు కార్డు వెనకాలే ఉంటుంది. డబ్బుతో ముడిపడ్డ నంబరు ఏదైనా ముందు ఇంట్లో కాగితం మీద చూసుకోవాలి, ఫోన్లో వెతకకూడదు. ఈ ఒక్క మాట పిల్లలకి చెప్పిన తల్లులు మన వీధుల్లో ఎందరున్నారు? పోయాక ఏడ్చేవాళ్ళం కనిపిస్తాం గాని! పోయినా సరే, ఏడుస్తూ కూర్చోకుండా 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలన్నది కూడా నేర్పాలి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపడానికి అంత వీలుంటుంది.

ఇక బడి పనులకి వద్దాం. మా వీధిలో ఒక పిల్లకి ఎర్రన మీద ప్రాజెక్టు రాసుకు రమ్మన్నారు. అద్దంకి మనకి పొరుగే గదా, అక్కడ ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న కవి గదా అని నేను సంబరపడ్డాను. తల్లి నలభై రూపాయలిచ్చి నెట్ సెంటరుకు పంపింది. రంగురంగుల కాగితాలు నాలుగు వచ్చాయి. మొదటి కాగితం మీద బొమ్మ, దాని కింద "ఎర్రన గారి ఫొటో" అని ముత్యాల్లాంటి అక్షరాలు. పద్నాలుగో శతాబ్దం కవిగారికి ఫొటో తీసిన మహానుభావుడెవరమ్మా? ఫొటో తీసే యంత్రమే పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టిందే! ఆ ప్రశ్న పిల్ల అడగలేదు, నెట్ సెంటరాయన అడగలేదు, తల్లి అడగలేదు, మార్కులు వేసిన పంతులుగారూ అడగలేదు. పదికి తొమ్మిదిన్నర వచ్చాయి.

"పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు లెండి" అనే పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్ళకి ఆధారం కూడా ఉంది. 1999లో ఢిల్లీ కాల్కాజీలో సుగత మిత్రా అనే ఆయన ఆఫీసు గోడకి కన్నం పెట్టి, పక్క మురికివాడ పిల్లలకి అందేలా ఒక కంప్యూటరు అమర్చారు. ఎవరూ నేర్పకుండానే ఆ పిల్లలు దాన్ని ఆడించడం నేర్చేసుకున్నారు. నిజమే, ముచ్చటే. కాని వాళ్ళు నేర్చుకున్నది వాడకం. ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు అన్నది గోడ కన్నంలోంచి రాదు. దానికీ ఒక ఉదాహరణ ఉంది. అమెరికాలో 1998లో ఒకాయన సరదాకి చెట్లెక్కే ఆక్టోపస్ ఉందని, అది అంతరించిపోతోందని, కాపాడుకోవాలని ఒక సైటు పెట్టాడు. కనెక్టికట్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని ఏడో తరగతి పిల్లలు 25 మందికి చూపించారు. అందరూ ఇంటర్నెట్‌లో చదవడం బాగా వచ్చినవాళ్ళే. ఒక్కరు తప్ప మిగతా 24 మందీ నమ్మదగ్గ సైటే అన్నారు. అదంతా కట్టుకథ అని చెప్పినా కొందరు ఒప్పుకోలేదట! చెట్టెక్కే ఆక్టోపస్‌తో మనకేం నష్టం లేదు. షుగరు వ్యాధి వారం రోజుల్లో మాయం చేస్తానన్న కషాయంతో ఉంది.

ఇప్పుడు ఆ మూడో ముక్క దగ్గరికొస్తాను. "నాకేం తెలీదు" అంటారు చూడండీ, అది శుద్ధ అబద్ధం. ఈ విద్య మీకు తెలిసినంతగా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు దాన్ని ఇంకో పేరుతో పిలుస్తున్నారంతే.

పిల్లకి సంబంధం వచ్చిందనుకోండి. పిల్లవాడి తండ్రి, "మావాడు బంగారమండీ, హైదరాబాదులో పెద్ద ఉద్యోగం, సొంత ఫ్లాటు" అంటాడు. మనం తలూపుతాం, కాఫీ తాగుతాం, నవ్వుతూ లేచి వస్తాం. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. వాళ్ళ వీధిలో మన పిన్నిగారి తోటికోడలు ఎవరన్నా ఉన్నారా? ఆ ఆఫీసులో మనూరివాళ్ళెవరు? ఫ్లాటు ఎవరి పేరున ఉంది? పెద్ద కోడలు పుట్టింటికి ఎందుకంత తరచు వెళుతుంది? పాలు పోసేవాణ్ణి కూడా వదలం. వాళ్ళింటి గురించి వాళ్ళింట్లో కూర్చుని తెలుసుకోలేమని మనకి ఎవరు నేర్పారు? మన అమ్మ నేర్పింది, మన అమ్మకి అమ్మమ్మ నేర్పింది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైన్‌బర్గ్, మెక్‌గ్రూ అనే ఇద్దరు సరిగ్గా దీన్నే 2017లో పరిశోధన చేసి తేల్చారు. చరిత్రలో డాక్టరేట్లు ఉన్నవాళ్ళు పది మంది, పత్రికల్లో నిజానిజాలు తేల్చే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు పది మంది, విద్యార్థులు పాతిక మంది. అందరికీ కొన్ని సైట్లు చూపించి ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. పండితులూ, విద్యార్థులూ ఆ సైటులోనే కూర్చుని అరుగు ఎంత శుభ్రంగా ఉంది, ముగ్గు ఎంత అందంగా ఉంది అని చూస్తూ మోసపోయారు. నిజం తేల్చడమే ఉద్యోగమైనవాళ్ళు మాత్రం క్షణంలో బయటికొచ్చి ఇరుగునీ పొరుగునీ విచారించారు, అంటే ఆ సైటు గురించి ఇతరులు ఏం చెబుతున్నారో వేరే కిటికీలు తెరిచి చూశారు. చప్పున పట్టేశారు. పెళ్ళి సంబంధం విచారించినట్టన్నమాట! అంతటి విద్యని చేతిలో పెట్టుకుని "నాకేం తెలీదు" అనడం ఏం న్యాయం?

ఈ పోలిక ఇంకాస్త సాగుతుంది, సాగనివ్వండి. గూగుల్ ఉంది చూశారూ, అది పెళ్ళిళ్ళ పేరయ్య. సంబంధాలు తెస్తుంది, సంబంధానికి పూచీ పడదు. పేరయ్య తెచ్చిన మొదటి సంబంధమే ఖాయం చేసుకునే తల్లి ఎక్కడైనా ఉందా? ఆయనకి అవతలివాళ్ళు ఎంత ముట్టజెప్పారోనని ముందే లెక్క వేస్తాం. గూగుల్ అయితే డబ్బు పుచ్చుకుని పైన పెట్టినవాటి మీద "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాలు వేస్తుంది. పేరయ్య ఆ మాత్రం కూడా చెప్పడు, కనక ఒక విధంగా గూగులే నయం. కాని ఆ చిన్న అక్షరాలు పిల్లవాడికి ఎవరు చూపించాలి?

ఈ మధ్య పేరయ్యకి ఇంకో అలవాటు వచ్చింది. పది సంబంధాలు చూపించడం మానేసి, "నేనన్నీ విచారించానమ్మా, ముహూర్తం పెట్టుకో" అంటున్నాడు. అదే పైన గళ్ళో కనిపించే ఏఐ జవాబు. 2024 మే నెలలో అమెరికాలో, పిజ్జా మీద చీజు జారిపోకుండా ఏం చెయ్యాలని అడిగితే కాస్త జిగురు కలపమని చెప్పింది. ఎవడో ఎప్పుడో నవ్వులాటకి రాసిన మాటని వంటల పుస్తకంలో మాటలా అప్పజెప్పింది. పిజ్జా కాబట్టి లోకమంతా నవ్వి ఊరుకుంది. అదే నాయనమ్మ మాత్ర గురించి అయితే? మాత్ర సంగతి మందుల షాపాయననీ, రాసిచ్చిన డాక్టరునీ అడగాలి. ఎక్కడ వెతకాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు వెతకడం ఆపి మనిషిని అడగాలో తెలియడం అంత ముఖ్యం.

మా దర్శి, పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్ళు చూశారా? అద్దంలా ఉంటాయి. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడు దాటితే ఆ అద్దమే పళ్ళు గార పట్టిస్తుంది, ఎముకలు వంచుతుంది. తేట చూసి నీళ్ళు తాగకూడదని మా వైపు పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. ఆ తెలివినే ఇక్కడా వాడమంటున్నాను.

అడగడంలో కూడా నేర్పు ఉంది. "మిర్చి పురుగు" అంటే దేశంలోని పురుగులన్నీ వస్తాయి. పురుగు పేరు, పంట పేరు, ఏ దశలో ఉందో, సంవత్సరం, లాం అన్న మాట కలిపి అడిగితే జవాబు దగ్గరపడుతుంది. ఎంత తెలిసి అడిగితే అంత తెలిసి చెబుతుంది. తేదీ చూడటం అన్నిటికన్నా ముందు నేర్పాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరులో మోంథా వచ్చింది. రెండింటికీ బళ్ళకి సెలవులిచ్చారు. గాలి వీచినప్పుడల్లా "రేపు బడికి సెలవు" అని వెతికే మహారాజులకి ఏ తుపాను సెలవు దొరికినా సంతోషమే, తేదీతో పనేముంది! ఫలితాల విషయంలో చిరునామా చివర "గవ్ డాట్ ఇన్" ఉందో లేదో చూసుకోమనండి. అలాంటి పేరుతో, అలాంటి రంగులతో దొంగ సైట్లు ఉంటాయి. ఆటలో వజ్రాలు ఉచితంగా ఇస్తామని చెప్పి పాస్‌వర్డ్ అడిగేవి మరీ ఘోరం. తొలకరికి జొన్నగిరి పొలాల్లో వెతికేవాళ్ళకి అప్పుడప్పుడన్నా వజ్రం దొరుకుతుంది, ఇక్కడ ఎప్పటికీ దొరకదు.

సరే, ఇవన్నీ తెలివికి సంబంధించినవి. భయానికి సంబంధించింది ఒకటుంది, అసలు నేను కలం పట్టింది దాని కోసమే.

పిల్ల ఏదో వెతుకుతుంటే చూడకూడని బొమ్మ తెర మీద పడింది. లేదా ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఫొటో పంపమన్నాడు. ఆ పిల్ల ఏం చేస్తుంది? మన ఇళ్ళలో అయితే ఏమీ చెయ్యదు, నోరు మూసుకుంటుంది. ఎందుకంటే చెబితే ఏమవుతుందో దానికి తెలుసు. మొదటి దెబ్బ వీపు మీద, రెండో దెబ్బ ఫోను మీద. ఆడపిల్లయితే మూడో దెబ్బ చదువు మీద. "నువ్వు ఫోను పట్టుకోబట్టే గదే!" అంటాం. తప్పు చేసిన దుర్మార్గుడు హాయిగా ఉంటాడు, చూసిన పిల్లకి శిక్ష. వాడికి కావలసింది కూడా సరిగ్గా అదే. పిల్ల ఇంట్లో చెప్పదన్న ధైర్యంతోనే వాడు బెదిరిస్తాడు. మన కోపమే వాడి పెట్టుబడి.

సేఫ్ సెర్చ్ అని ఒక మీట ఉంది, వేసి ఉంచండి. అది దోమతెర లాంటిది. కట్టుకోవాలి, కాని చిరుగు లేని దోమతెర నేనెక్కడా చూడలేదు. అంతకన్నా గట్టి కాపలా ఒకటి చెబుతాను. "ఏది కనపడినా, ఎవడేమన్నా, నాకు చెప్పు. చెప్పినందుకు ఫోను లాక్కోను, తిట్టను, నాన్నకి ఏం చెప్పాలో నువ్వూ నేనూ కూర్చుని ఆలోచిద్దాం" అని మాటివ్వండి. ఇచ్చి నిలబెట్టుకోండి. ఒక్కసారి తప్పితే ఇక ఆ పిల్ల జన్మలో చెప్పదు. పెద్దవాళ్ళకి చెప్పలేని పిల్లలకి 1098 ఉందని కూడా చెప్పి ఉంచండి.

నెలసరి గురించి, ఒంట్లో మార్పుల గురించి పదకొండేళ్ళ పిల్ల అమ్మని అడిగితే అమ్మ "ఛీ, నోర్ముయ్" అంటుంది. అప్పుడది ఫోన్ని అడుగుతుంది. ఫోను ఛీ అనదు, ఏదో ఒకటి చెబుతుంది. ఆ ఏదో ఒకటి ఏమిటో మనకి అక్కర్లేదా? మగపిల్లవాడి చేతిలో అర్ధరాత్రి దాకా ఫోను ఉంటే "చదువుకుంటున్నాడు" అనీ, ఆడపిల్ల పది నిమిషాలు పట్టుకుంటే "ఎవరితో?" అనీ అడిగే ఇళ్ళు నాకు చాలా తెలుసు. వాడికి కాపలా లేదు, దానికి నేర్పు లేదు. ఇద్దరూ గుడ్డివాళ్ళే.

"నిషేధిస్తే సరి" అంటారు కొందరు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేశారు. 2026 మొదట్లో మన రాష్ట్రంలోనూ ఆ చర్చ వచ్చింది. చెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. కాని వెతకడం అందులోకి రాదు. బావి చుట్టూ గోడ కట్టినా ఇంట్లోకి నీళ్ళు తోడక తప్పదు, తోడేది ఆ పిల్లవాడే. ఇంకోవైపు చూస్తే, 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలు నాలుగున్నర లక్షల మందికి పైగా బైజూస్ పాఠాలు ఎక్కించిన ట్యాబులిచ్చారు. పిల్లలు తాళాలు తెంచి సినిమాలు చూస్తున్నారా లేదా అని ఊరూవాడా వాదించుకున్నాం. పాఠాలు పెట్టిన కంపెనీ 2024 జూలైకల్లా దివాలా విచారణకెక్కింది. వాదనంతటిలో, ఈ పిల్లలకి వెతకడం ఎవరు నేర్పుతున్నారు అన్న మాట నా చెవిన పడలేదు.

నేర్పితే రాదా? 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టి తెలంగాణా, ఆంధ్రా అట్టుడికినప్పుడు, గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్ళమీదికి పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, "పంపే ముందు అడగండి" అని చెప్పించారు. చదువురాని అమ్మలకి కూడా అర్థమైంది. అదే ఏడు కేరళలో కన్నూరు కలెక్టరు మీర్ మహమ్మద్ అలీ 150 ప్రభుత్వ బడుల్లో నిజానికీ అబద్ధానికీ తేడా తేల్చే పాఠాలు పెట్టించారు. టీకాల మీద వచ్చిన పుకార్లు చూసి మొదలుపెట్టిన పని అది. గద్వాలకి, కన్నూరుకి వచ్చింది దర్శికి రాదా? ఇంగ్లీషు రాదనకండి. 2017 నుంచి గూగుల్ తెలుగులో చెబితే వింటోంది. మీరు అడగండి, పిల్లవాడు నొక్కుతాడు, ఇద్దరూ కలిసి విచారించండి. వాడి వేలు, మీ బుర్ర. రాత్రి అన్నాలయ్యాక పావుగంట చాలు, సీరియల్లో ప్రకటనలొచ్చే సమయం కూడా కాదది.

బడుల్లో ఇప్పుడు తల్లిదండ్రుల సమావేశాలు పెద్ద ఎత్తున పెడుతున్నారు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు జరిగింది, తర్వాత కూడా జరిగాయి. మనం చక్కగా జరీ చీర కట్టుకుని వెళ్ళి "మావాడికి లెక్కల్లో ఎన్ని?" అని అడిగి, ఫొటో దిగి, భోజనం చేసి వస్తున్నాం. ఈసారి వెళ్ళినప్పుడు ఇంకో ప్రశ్న అడుగుదాం. "పిల్లలకి వెతకడం ఏ పీరియడులో నేర్పుతున్నారండీ?" అని. ఎర్రన గారి ఫొటోకి తొమ్మిదిన్నర వేసిన పంతులుగారు కూడా అక్కడే ఉంటారు, కాబట్టి నేను ముందు వరసలో కూర్చుంటాను. ఆయన తడుముకుని, "ఇంట్లో మీరు నేర్పట్లేదా అమ్మా?" అని ఎదురు ప్రశ్న వేస్తే చెప్పడానికి జవాబు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి.